గంగాజమున అంచు చేప

బూడిద రంగే, కాదని ఎవరన్నారు, మగ్గం ఎక్కకముందు ఏ చీరైనా దారాల వరసే, అడ్డంగా పేక పడితే కదా దాని సంగతి తెలిసేది, అనుకుంటూ నాగదుర్గ వన్ టౌన్‌లోని ఆ చేపల కొట్టులో గాజుకి ముక్కు ఆనించినంత పని చేసింది, లోపల వేలెడు పొడవున్న చేప ఒకటి పిలవని పెళ్లికి వచ్చిన మనిషిలా ఓ మూల ఒదిగి తిరుగుతోంది, పక్క తొట్టెలో తలమీద బొప్పితో ఎర్రగా నిగనిగలాడే ఫ్లవర్‌హార్న్ మాత్రం కొట్టంతా తనదే అన్నట్టు చూస్తోంది, ఇది తీసుకోండి మేడం, వాస్తుకి మంచిది, మీ చీరల షోరూముకి కళొచ్చిద్ది అంటున్నాడు కొట్టు యజమాని యేసుకుమార్, కళ సరేనండీ, తొట్టెలో ఇప్పటికే ఉన్న మా చిన్న చేపలు, గప్పీలూ ప్లాటీలూ ఏమైపోవాలి అంటే కాసేపు నసిగి, వాటిని వేరే పెట్టుకోవాలండి, లేకపోతే తినేసిద్ది అని ఒప్పుకున్నాడు, ఆ మాత్రం దానికి అదెందుకు, తొట్టెకి నడిమి చేప అంటే చీరకి కొంగులాంటిది, కొంగు ఎంత ఘనంగా ఉన్నా చీరని మింగేయకూడదు, ఆ మాట పైకి అనలేదు గానీ ఫ్లవర్‌హార్న్ వైపు మళ్లీ చూడలేదు.

అయినా ఇది ఒక్క చేప సంగతే అయితే ఇంత ఆలోచన దేనికి, దసరా సరుకుకి పెడన వెళ్లి మగ్గాల దగ్గర చీరలు నేనే ఎంచుకొస్తాను మామయ్యగారూ అని ఆమె పోయిన వారం అడిగింది, మామగారు అంకమ్మరావు అందరి ముందూ నవ్వి, ముందు ఆ తొట్టెకో పెద్ద చేపని ఎంచమ్మాయ్, వచ్చినవాళ్ల కన్ను దానిమీద నిలిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు, ఆయన నవ్వుతూ అన్నా అది శాసనమే, సరుకు ఎంచడం ఆ ఇంట్లో ఇంతవరకూ ఆడవాళ్ల చేతికి రాలేదు మరి, గవర్నర్‌పేటలో షోరూము తెరిచినప్పుడు గోడలో ఆ తొట్టె కట్టించిందే పిల్లలు దాని ముందు నిలబడిపోతే తల్లులు నిమ్మళంగా చీరలు చూసుకుంటారని, అందులోకి పెద్ద చేపని మొదట తెచ్చింది ఆమె భర్త సాయిగణేష్, పళ్లెంలా గుండ్రంగా నీలి గీతలతో ఉన్న డిస్కస్, రంగు చూసి మురిసిపోయి తెచ్చాడు, దానికి వెచ్చటి తేట నీళ్లు కావాలట, ఇక చూడాలి ఆ వైభోగం, బయట ఏసీ లోపల హీటరు, బోరు నీళ్లు పడవని రోజూ మంచినీళ్ల టిన్నులు, కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు, అయినా పట్టుమని నెల తిరక్కుండానే తేలిపోయింది, పాపం ఆ పూట మనిషి అన్నం కూడా సరిగా తినలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి ఆ రోజే తెలుసు, బట్టలు అమ్మేవాళ్లు చేసే తప్పే అది, ముందు రంగు చూసి మనసు పారేసుకోవడం, రంగు వేసేవాళ్లు ఆ పని చేయరు, పెడనలో ఆమె నాన్న అద్దకం పనివాడు, రంగు డబ్బా మూత ఎప్పుడూ ముందు తీసేవాడు కాదు, నీళ్లు దోసిట్లో పట్టి చుక్క నాలుక మీద వేసుకునేవాడు, పక్కనే గౌను తడుపుకుంటూ ఆమె కూడా వేసుకునేది, ఇవి కాలవ నీళ్లమ్మా, ఇవి బోరువి, సున్నం ఎక్కువ, వీటిలో నువ్వడిగిన ఎరుపు పలకదు, పలికేదే వేద్దాం అనేవాడు, షోరూము బోరు నీళ్లంటే బక్కెట్లకి తెల్లటి పొర కట్టించే నీళ్లు, పొయ్యి మీద ఎంతసేపున్నా పప్పు బద్దలుగానే మిగిలే నీళ్లు, అవి మారవు, పొద్దస్తమానం నడిచే ఏసీ ఆగదు, కాబట్టి ఆ సున్నం నీళ్లు పడేది, చల్లదనం ఓర్చుకునేది, పక్కవాటి జోలికి పోనిది ఏదుందో చెప్పండి అని అడిగితే యేసుకుమార్ బుర్ర గోక్కుని, అయితే ఆ మూల తిరిగే రెయిన్‌బో ఉందండి, దీనికి మీ నీళ్లు బ్రహ్మాండంగా సరిపోతాయి, తోడుగా ఆడచేపల్ని వేస్తే హుషారుగా తిరిగిద్ది, కాకపోతే ఎదిగేదాకా రంగు రాదు, అందుకే ఎవరూ కొనరు అన్నాడు.

ఎవరూ కొనరన్న మాటే ఆమెకి నచ్చింది, కవర్లో వేయండి అంది, దుర్గా, ఇదా, నాన్న నవ్వుతారే అంటున్న, వెంట వచ్చిన సాయిగణేష్‌ని దాటుకుని నీళ్ల కవరుతో నేరుగా గుమ్మంలోకి నడిచింది, దీపాల కింద ఏ రంగునీ నమ్మకూడదు, పగటి వెలుతురులో చూడాలి, అది వాళ్ల చీరల కొట్టు అలవాటు, మామగారికైతే మరీను, నేత మనిషి చీర విప్పి చూపించాక ఆయనకి నచ్చకపోతే కూర్చున్న చోటే మడిచి ఇచ్చేస్తాడు, నచ్చితేనే మోకాళ్ల నొప్పులతో లేచి గుమ్మం దాకా పట్టుకెళ్లి తిప్పి తిప్పి చూస్తాడు, ఆమె కూడా అలాగే కవరు ఎత్తి ఎండకి పట్టింది, తోపుడుబండివాడు జరగమ్మా అని అరుస్తున్నా జరగలేదు, చేప ఒక్కసారి పక్కకి తిరిగింది, తల వైపు నీలం, తోక వైపు నారింజ, రెండూ సన్నగా, రంగులో మొదటి ముంపుకి నూలు పట్టుకున్నంత, అచ్చం గంగాజమున అంచు, ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగు, నాన్నా, పలికింది చూశావా అనుకుంది, గర్వంగా అనిపించింది, చాలా గర్వంగా, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బండి మీద భర్త వెనక కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా కవరుని పొట్టకి అదుముకుంటూ, ఆయన నవ్వితే ఏం చెప్పాలి, ఏడాది ఆగండి అనాలా, ఆగుతారా, పెడన పోతే పోయింది, ఈ చేపని మాత్రం వెనక్కి ఇవ్వను, అని ఇంకా అనుకుంటూ ఉండగానే షోరూము వచ్చేసింది, కుర్చీలు ఎన్ని వేయించినా మామగారు కూర్చునేది వెనకవైపు తెల్ల పరుపు మీదే, కవరు ఆయన చేతికిచ్చింది, లైట్ల కింద అది మళ్లీ బూడిదే, ఏంటమ్మాయ్ ఇది, కాలవలో పరిగెలా ఉంది అన్నాడు, సాయిగణేష్ దగ్గాడు, మన నీళ్లలో పలికేది ఇదే మామయ్యగారూ, రంగు నిదానంగా వస్తుంది, వచ్చాక పోదు అంది, ఆయన కవరుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, కళ్లజోడు పైకి తోసుకున్నాడు, ఇప్పుడు తిరిగి చేతిలో పెట్టేస్తాడు, మడిచిన చీరలా, అని ఆమె చెయ్యి చాచబోయింది, ఆయన ఒక చెయ్యి మోకాలి మీద వేసి, అబ్బా అని మూలిగి, లేచాడు, కవరు పట్టుకుని మెల్లగా గుమ్మం వైపు నడుస్తున్నాడు, వచ్చినవాళ్ల కన్ను నిలవాలన్న మనిషి కన్నే ముందు నిలిచింది, ఇక ఎండలో ఆయనకి ఏ రంగు కనిపిస్తుందో చూడాల్సిన పని కూడా ఆమెకి లేదు, నచ్చనిదాని కోసం అంకమ్మరావు లేవడు.