మంగళవారం ఆట

పొన్నూ, ఇట్లా వచ్చి కూర్చో. ఇంకా దగ్గరకు. నా కుడి చెవి మిల్లులోనే పోయింది, నువ్వు "ఊఁ" కొడితే నాకు వినబడాలి కదా. ఆ ఫోను బోర్లా పెట్టు. నిన్న నువ్వు చూసిన దెయ్యం సినిమా నేనూ పక్కనుంచి చూశాను. అది దెయ్యమా? ముఖమంతా రక్తం పూసుకుని సందులోనుంచి దూకడమే పని. దూకడం పిల్లికి కూడా వచ్చు. ఉలిక్కిపడడం వేరు, భయపడడం వేరు.

నా కాలంలో తిలకవల్లి అని ఒకామె ఉండేది. నీకు తెలియదు. పోస్టరు మీద ఆమె పేరు ఎప్పుడూ అట్టడుగునే, సగం జిగురు కింద మునిగి ఉండేది. కథానాయిక వేషం ఒక్కటీ దొరకలేదు, కానీ దెయ్యం వేషమంటే ఆమే. బావి సినిమాలో ఆమె, తాళం గది సినిమాలో ఆమె. మేము సినిమాలను పేర్లతో పిలిచేవాళ్ళం కాదు, తిలకవల్లి ఎక్కడ చచ్చిందో ఆ చోటు పేరుతో పిలిచేవాళ్ళం. ఆమె అరిచేది కాదు, పళ్ళు చూపేది కాదు. మనకు వీపు పెట్టి కూర్చుని జడ అల్లుకుంటూ ఉండేది. అల్లుతున్న చెయ్యి ఆగేది. అంతే, ఆడవాళ్ళ బెంచీలన్నీ కీచుమనేవి. మంత్రగాడి వేషాలకు వజ్రముత్తు అని ఒకడు ఉండేవాడు. గుడ్లు ఉరమడం తప్ప ఏమీ రాదు వాడికి. చివర్లో తిలకవల్లి జుట్టు పట్టుకుని చింతచెట్టుకు మేకు కొట్టి దెయ్యాన్ని కట్టేస్తే మగవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నిజం చెప్పనా? నాకు భయం వేసేది దెయ్యం వచ్చాక కాదు, రాకముందు. పక్క గదిలో మొగుడూ అత్తా ఆమెను చంపడం గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారే, తిలకవల్లి ఇవతల బియ్యం ఏరుకుంటూ ఉంటుందే, అప్పుడు. ఇంకొకటి కూడా కనిపెట్టాను. బతికి ఉన్నంతసేపూ తిలకవల్లికి ఉండే మాటలు రెండే. "ఇదిగో వస్తున్నా", "అన్నం పెట్టనా". పెద్ద పెద్ద మాటలన్నీ చచ్చాకే. అప్పుడు ఇల్లంతా వణుకుతూ నిలబడి అడుగుతుంది, "తల్లీ, నీకు ఏం కావాలి?" అని.

నేను అప్పుడు సింగానల్లూరులో మిల్లుకు పోతూ ఉండేదాన్ని, కోనులకు దారం చుట్టే పని. పొద్దున మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లోపలికి, మూడింటికి సంగు ఊదితే బయటికి. లోపల యంత్రాలన్నీ ఒకేసారి మోగుతూ ఉంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకే మిల్లు ఆడవాళ్ళకు వేరే మాట ఉండేది. గొంతు లేకుండా పెదవులు పెద్దగా కదిలించి, కనుబొమలు ఎగరేసి, చేతులు తిప్పి మాట్లాడుకునేవాళ్ళం. తెగిన దారం ముడి వేస్తూనే నాలుగు యంత్రాల అవతలి మనిషితో ఇంటి గొడవలన్నీ చెప్పుకోవచ్చు. మేస్త్రీ మా మధ్యనే తిరుగుతూ ఉండేవాడు, వాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

మా మిల్లుకు వారపు సెలవు మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం ఆటకు నేనూ పాప్పమ్మాళూ పోయేవాళ్ళం. పాప్పమ్మాళ్ నా ఎదుటి యంత్రం మీద పని చేసేది. బుధవారం పొద్దున ఆ సినిమా అంతా నేను మా వరుసకు చెప్పాలి. పన్నెండుమంది ఆడవాళ్ళు నా ముఖం వంకే చూస్తూ ఉండేవాళ్ళు. తిలకవల్లిని నేను అచ్చు దించేదాన్ని. వీపు తిప్పి, జడ అల్లుతున్నట్లు వేళ్ళు ఆడించి, ఆపేదాన్ని. అవతల ఎవరో ఒకరు బాబిన్ జారవిడిచేవాళ్ళు. మేకు కొట్టే ఘట్టం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అక్కడికి వచ్చేసరికి దారం తెగిందని వంగేదాన్ని.

ఇంట్లో నా మాట ఎంత? మీ తాత పళనివేల్ మోటారు పంపులు తయారుచేసే పట్టడలో పని చేసేవారు. ఆయన వచ్చేసరికి నీళ్ళు, అన్నం సిద్ధంగా ఉండాలి. అందరూ తిన్నాక అడుగంటిన దాన్ని గీరుకుని నేను తినాలి. మా అత్త వీరమ్మాళ్ పల్లడం పక్క పల్లెనుంచి వచ్చిన మనిషి, మిల్లు గేటు దాటి లోపల ఏముందో చూడలేదు. "యంత్రం పని జేస్తాది, నీవు పక్కన నిలబడి చూస్తావు. దానికి అలుపేమే?" అనేది. మీ తాతేమో, "సినిమాకి నడిచేటప్పుడు నొయ్యని కాళ్ళు పొయ్యి దగ్గరే నొస్తాయా?" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. మంగళవారం నాకు ఉంది కదా అనుకునేదాన్ని. ఆ ఒక్క ఆట కోసం మిగిలిన ఆరు రోజులు మోసేదాన్ని.

ఒక మంగళవారం ఆట చూసి వచ్చి రుబ్బురోలు ముందు కూర్చున్నాను. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, మర్నాడు చెప్పాల్సిన కథ సాధన చేసుకుంటున్నాను. గొంతు లేదు, పెదవులు కదులుతున్నాయి. ఎడమచెయ్యి గాలిలో తిరుగుతోంది. కళ్ళు పెద్దవి చేశాను, మెల్లగా మెడ తిప్పాను. తిప్పిన చోట గుమ్మంలో మా అత్త చెంబు పట్టుకుని నిలబడి ఉంది. చెంబు జారింది. మిల్లులో నన్ను అట్లా చూస్తే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మా అత్త మాత్రం వెనక్కి నడుచుకుంటూ పోయింది.

ఆ పూట నేను బియ్యం ఏరుతూ ఉంటే పక్క గదిలో గొంతులు తగ్గాయి. తల్లీ కొడుకూ. ఈ ఘట్టం నాకు కంఠతా వచ్చు కదా.

ఆ తరువాతి మంగళవారమే కోడంగిని పిలిపించారు. కోడంగి అంటే ఉడుక్కై అనే చిన్న డమరుకం వాయించి, పేయిని, అదే దెయ్యాన్ని, మాట్లాడించి దించేవాడు, మా వాళ్ళలో అది వంశపారంపర్యంగా వచ్చే పని. ఆయన పేరు ఆండి, పండు ముసలి. వజ్రముత్తులాగా గుడ్లు ఉరమడు, పాపం, కళ్ళకు పొర. మీ తాత పనికి సెలవు పెట్టారు. నన్ను ముగ్గు మీద కూర్చోబెట్టి, జడ విప్పి, వేపమండ చేతికిచ్చారు. "పేయి దిగినాక ఇంక సినిమా కొట్టాయి పక్కకే పోగూడదు. ఆడనే పట్టింది దీనికి" అంది అత్త, సినిమా హాలును కొట్టాయి అనేది. ఆ రోజే బావి సినిమా కడసారి ఆట. గోడ అవతల పాప్పమ్మాళ్ ఆటకు పోదామని చీర మార్చుకుని నిలబడి ఉంది. నాకు భయం పేయిని గురించి కాదు, ఇక మంగళవారం పోతుందని.

ఉడుక్కై మోగింది. ఆండి వంగి నా ముఖంలోకి చూసి అడిగాడు.

"ఎవురు నీవు? ఎందుకు వచ్చినావు? నీకు ఏమి కావాల తల్లీ?"

ఏడేళ్ళు అయింది నేను ఆ ఇంటికి వచ్చి. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అత్త చేతులు జోడించుకుని ఉంది. మీ తాత చూపు నా నోటి మీదే ఉంది. ఇల్లంతా నా మాట కోసం నిలబడి ఉంది. నాకు తిలకవల్లి గొంతు వచ్చు. ఆ గొంతుతో ఏం అడిగినా ఇచ్చేసేవాళ్ళే. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గొంతుకు ఇచ్చింది ఆ గొంతుకే పోతుంది. ఆండి మేకు కొట్టగానే అదీ పోతుంది. మళ్ళీ నేను "ఇదిగో వస్తున్నా" అంటూ మిగులుతాను.

జుట్టు వెనక్కి తోసి ముడి వేసుకున్నాను.

"నేను రక్కమ్మాళ్‌ని తాతా. నా మీద ఎవురూ లేరు. ఆ పొద్దు రోలు దగ్గర మిల్లు మాట మాట్లాడుకుంటా ఉంటిని, అంతే. అయినా ఏమి కావాలని అడిగితివి గదా, చెప్తా. నాకు మంగళవారం ఆట కావాల. మిల్లునుంచి వచ్చేటప్పటికి ఎవురన్నా ఒకరు పొయ్యి అంటించి ఉండాల. అందరితో కూచోని వేడిగా తినాల."

ఉడుక్కై ఆగింది. అత్త, "పేయే మాట్లాడుతా ఉండాది! కొట్టు మామా!" అని ఆండితో అరిచింది. ఆండి నా చేతిలోని వేపమండ తీసుకుని పక్కన పెట్టాడు.

"వీరమ్మా, పేయి అయితే దించుదును. ఇది నీ కోడలు. దీనికి నా దగ్గర మందు లేదు."

గోడ అవతల పాప్పమ్మాళ్ పకపకా నవ్వింది. మీ తాత ముగ్గు వంక చూశారు. ఆయనకు సిగ్గేసిందో కోపం వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి గొంతు సవరించుకుని, "ఆట ఎన్ని గంటలకి?" అన్నారు.

"రెండున్నరకి మామా." మీ తాతను నేను అట్లాగే పిలిచేదాన్ని.

"అయితే పో. లేటవుతాది."

జడ అల్లుకునే తీరిక కూడా లేదు, ముడితోనే పరుగెత్తాను. ఆ రోజు బావి సినిమాలో తిలకవల్లిని చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చింది. ఇంటికి వచ్చేసరికి పొయ్యి వెలిగి ఉంది. అన్నం మాడింది. మీ తాత చేతి అన్నం ఏ రోజైనా మాడకుండా ఉందా, నువ్వే చెప్పు. ఆ మాడిన అన్నం అందరం కూర్చుని తిన్నాం, అత్త మాత్రం మూతి తిప్పుకుని. మూడు వారాల తరువాత ఒక మంగళవారం నేను చెప్పులు వేసుకుంటూ ఉంటే ఆమె కూడా చీర మార్చుకుని గుమ్మంలో కూర్చుంది. "నీవు ఏమి చూస్తావో నేనూ చూడాల" అంది. తిలకవల్లి చెయ్యి ఆగినప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది చూడు, ఇంటర్వెల్ దాకా వదల్లేదు.

సరే, కాళ్ళు తిమ్మిరెక్కాయి, లేపు నన్ను. ఇంకొక్క మాట. మన వాళ్ళలో కొందరు ఇప్పటికీ వేరేగా చెప్తారు, రక్కమ్మాళ్ మీదికి పేయి వచ్చి సినిమా అడిగిందని. నువ్వు రేపు ఎవరికైనా ఈ కథ చెప్తావు కదా, మరిచిపోకుండా చెప్పాలి, చెప్పేటప్పుడు అట్లా చెప్పకు. అడిగింది మా అవ్వే అని చెప్పు. బతికుండగానే అడిగిందని చెప్పు.