రాళ్లవాగు కాడి తోకపిట్ట

పిట్టలను చూడటానికి జీపు కట్టించుకొని తిరిగేవాళ్లు ఉంటారని దుర్గయ్యకు యాభై ఏళ్లు దాటేదాకా తెలియదు. తెలిశాక కూడా ఆ సంగతి అతనికి ఓ పట్టాన మింగుడు పడలేదు. కొల్లాపూర్ బస్టాండు ముందర కిరాయి జీపు పెట్టుకున్నవాడు. పెండ్లికి పిలిస్తే పెండ్లికి, దవాఖానకు పిలిస్తే దవాఖానకు పోతాడు. కానీ మెడల్లో దుర్భిణులు వేలాడేసుకున్న పట్నంవాళ్లు ఎక్కి, "ఇవాళ సోమశిల నీళ్ల కాడికి, రేపు నల్లమల లోపటికి" అన్నప్పుడు, మొదటి మాటకు లోపల్లోపల నవ్వుకున్నాడు. రెండో మాటకు ఆ నవ్వు ఆగిపోయింది.

నల్లమల లోపలికి అతను పోక ఇరవై ఏళ్ల పైమాటే. అంతకుముందు ఎండలు ముదిరితే చాలు, తండ్రి వెంట మందను తోలుకొని, పెండ్లాంతో, గంపల్లో కోళ్లతో కాలినడకన అడవి పట్టేవాడు. తర్వాత పులులను కాపాడాలన్నారు, గొర్లు రావద్దన్నారు, దారికి గేటు పెట్టారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మందను అమ్మి ఈ జీపు కొన్నాడు. గొర్రె నోరు అడవికి చేటట. కెమెరా కన్ను మాత్రం చేటు కాదట. ఈ మాట అతను చాయ హోటల్ కాడ అందరితోనూ అంటాడు. వినీ వినీ అందరికీ విసుగు పుట్టింది.

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున పట్నంవాళ్లు పొద్దంతా నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లకు పెద్ద దామోదర్ సారు, బ్యాంకులో పనిచేసి దిగిపోయినాయన.

"దుర్గయ్యా, ఇటు రా! ఎర్రకాళ్ల కొంగ, చూడు ఎంత ఠీవిగా నిలబడ్డదో."

"గది మా మడికట్లల్ల రోజు నిలబడ్తది సార్."

"రోజూ చూసేటోళ్లకు ఇలువ తెల్వదులే."

"నిజమే సార్. మాకు దేని ఇలువా తెల్వదు" అన్నాడు దుర్గయ్య. ఆ మాటలోని కారం సారుకు తగల్లేదు.

వాళ్లలో చిన్నది సుస్మిత. ఆ పిల్ల పుస్తకంలో ఒక బొమ్మ తీసి చూపించింది. ఒళ్లంతా తెలుపు, తల నలుపు, వెనక మూరెడు తోక. "తోకపిట్ట అంకుల్. దీని కోసమే వచ్చిన. ఎక్కడికి పోయినా నిన్ననే కనబడ్డది అంటరు. నాకు మాత్రం కనబడదు. మీరు ఎప్పుడన్నా చూసిన్రా?"

చూడలేదు. గొర్లు కాసేవాడి చూపు నేలమీదే ఉంటుంది. గడ్డి ఎక్కడుంది, గిట్ట ఎక్కడ పడింది, ఏ గొర్రె కుంటుతోంది, ఇదే లోకం. కొమ్మల మీద ఏముందో ఎవడు చూశాడు? కానీ ఆ పిల్ల మొహంలోని ఆశ చూసి "ఉంటయమ్మా" అని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెండ్లాం గోపమ్మ జొన్నరొట్టె తడుతోంది.

"రేపు నల్లమలకు పోతున్న" అన్నాడు.

రొట్టె మీద ఆమె చెయ్యి ఆగింది. "రాళ్లవాగు దిక్కేనా?"

"గా దారే."

పెనం మీది రొట్టె మాడుతున్నా చూసుకోలేదు.

వాళ్ల తొలిచూలు ఆడపిల్ల. దోగాడే వయసు. మందతో అడవిలో ఉండగా జ్వరం తగిలింది. దవాఖాన ఉన్న ఊరు చేరేలోపే, రాళ్లవాగు ఒడ్డున, తల్లి ఒళ్లోనే పోయింది. ఇంకా పేరు పెట్టలేదు. కురుమూర్తి జాతరలో పుట్టువెంట్రుకలు తీయించి పెడదామనుకున్నారు. మంద తోలేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. దారిలో ఎవరినైనా మట్టి చేస్తే ఆ రాత్రి మందను ఆ జాగా మీదే పండబెడతారు. గొర్ల గిట్టలకు నేల గట్టిపడి నక్కలు తవ్వవు. మంచి పద్ధతే. కానీ తెల్లారి చూస్తే ఏది మట్టి, ఏది గొయ్యి, ఆనవాలు ఉండదు. మూడోనాడు ఆ మట్టి మీద పాలు పొయ్యాలి. అయితే వాగులో నీళ్లు అడుగంటాయి, గొర్లు నోళ్లు తెరిచాయి. "మందను సంపుకుంటమా? తిరిగొచ్చేటప్పుడు పోద్దురు, నడువుండ్రి" అని తండ్రి కేకలేశాడు. తిరిగొచ్చేటప్పుడు వానలు ముందే పడి దారి మారింది. మళ్లీ ఏడాదికి గేటు పడింది.

తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు, షాద్‌నగర్ కంపెనీల్లో కుదురుకున్నారు. అయినా గోపమ్మ ఏ ఇంట్లో మూడోనాటి పాలు పోసినా అక్కడికి పోదు.

తెల్లారకముందే ఆమె పక్కింటి శ్యామలమ్మ కొట్టానికి పోయి గొర్రెపాలు పిండించుకొచ్చింది. సీసాలో పోసి, తడిగుడ్డ చుట్టి, జీపులో సీటు కింద పెట్టింది.

"ఆడ దిగనియ్యరు గోపమ్మా. దిగితే జుర్మానంట."

"నాకు గయ్యన్ని జెప్పకు" అంది ఆమె. "పోసి రా."

అడవి గేటు దగ్గర వాచరు హనుమంతు ముందు సీట్లో ఎక్కాడు. ఎక్కుతూనే వెనక్కి తిరిగి చెప్పాడు. "నేను దిగుమన్న కాడనే దిగాలె. పులి దిగుమన్నా దిగొద్దు." వెనక నవ్వులు. దుర్గయ్యకు నవ్వు రాలేదు.

దారి పొడుగునా అతనికి ఒకటే గుబులు. ఆ కాలంలో ఎండలకు ఆకు రాలిన అడవిలోకి దక్షిణం నుంచి నడిచి వచ్చేవాడు. ఇప్పుడు చలికాలం, అంతటా పచ్చదనం, పైగా జీపు ఉత్తరం నుంచి పోతోంది. ఏ వాగు చూసినా అదేనేమో అనిపిస్తోంది, కాదనీ అనిపిస్తోంది. చివరికి ఒక మలుపులో, పండుకున్న దున్నపోతు వీపులాంటి నల్లబండ కనబడింది. ఆ బండకు ఆనుకునే ఆ రోజు గోపమ్మ కూర్చుంది.

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"ఏమైందే?" అన్నాడు హనుమంతు.

ఏమి చెప్పాలో దుర్గయ్య అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "అమ్మా, నీ తోకపిట్ట!"

సుస్మిత సీటు మీద లేచి నిలబడింది. "ఎక్కడ? ఎటు?"

"గా మద్దిచెట్టు మీదికెల్లి లోపటికి ఉరికింది. తెల్లగ... మూరెడు తోక."

ఇక జీపులో ఎవరూ కుదురుగా లేరు. దామోదర్ సారు అంతటి పెద్దమనిషి హనుమంతు గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. "జరసేపు తమ్మీ! చిన్నపిల్ల, ఎన్ని అడవులు తిరిగిందో పాపం!"

హనుమంతు అటూ ఇటూ చూశాడు. "జీపు చుట్టుముట్టే ఉండాలె. సప్పుడు చెయ్యొద్దు."

అందరూ దిగి చెట్ల మీదికి దుర్భిణులు ఎత్తారు. దుర్గయ్య బానెట్ లేపి, ఇంజనులో నీళ్లు చూస్తున్నట్టు నటించి, సీసా తీసుకొని బండ వెనక్కి పోయాడు.

పోయి నిలబడిపోయాడు. మంద పండిన చోటు ఉత్త మన్నుగా, కళ్లంలా ఉండేది. ఇప్పుడక్కడ ఇప్ప, తునికి, మద్ది, మనిషి దూరలేనంత గుబురు. గొర్రె మేయక ఇరవై ఏళ్లు. మొలిచిన ప్రతి మొక్కా చెట్టయింది. కింద మడమలు మునిగే ఆకు. జన్మంతా నేలను చదివినవాడు ఆ నేలలో ఒక్క ముక్క చదవలేకపోయాడు. బండకు ఇటా, అటా? తవ్వింది తనే. చీకట్లో తవ్వాడు, ఏడుస్తూ తవ్వాడు, తవ్వి అవతలికి పోయాడు.

కొంచెం ఇక్కడ పోశాడు. కాదేమోనని నాలుగడుగులు జరిగి అక్కడ పోశాడు. సన్నటి ధార ఆకుల మీద తెల్లగా చారలు కట్టి కిందికి ఇంకిపోతోంది. వెనక్కి చూస్తే పట్నంవాళ్లు ఊపిరి బిగబట్టి, తలలెత్తి, కదలకుండా నిలబడి ఉన్నారు. ఆ రోజు బిడ్డ దగ్గర ఇంత నెమ్మదిగా ఎవరూ నిలబడలేదు. గొర్లు అరిచాయి, తండ్రి అరిచాడు, కుక్కలు అరిచాయి.

"ఇంజన్ల పాలు పోస్తవా నువ్వు?"

హనుమంతు. ఎప్పుడొచ్చాడో, నడుము మీద చేతులు పెట్టుకొని వెనకే ఉన్నాడు. దుర్గయ్యకు దాచే ఓపిక లేకపోయింది.

"బిడ్డ" అన్నాడు. "యాడనో ఈడనే ఉన్నది. జాగ దొర్కుతలేదు."

హనుమంతు ఆకుల మీది తెల్లచారల వంక చూశాడు. వెనక్కి నడిచి, పట్నంవాళ్లతో గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంకింతసేపు చూడుండ్రి. గా పిట్ట పోయిన తోవనే మళ్ల వస్తది."

పిట్ట రాలేదు. లేనిది ఎలా వస్తుంది? సీసా ఖాళీ అయ్యాక జీపు కదిలింది. సుస్మిత మాత్రం వాగు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి వెనక్కే చూసింది. అద్దంలో ఆ పిల్ల మొహం చూడటానికి దుర్గయ్యకు మనసొప్పలేదు.

మన్ననూరులో చాయకు ఆగినప్పుడు ఫోను మోగింది. గోపమ్మ.

"పోసినవా?"

"పోసిన."

"ఏడ పోసినవు?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. పొద్దున ఒకటి ఆడాడు కదా. కానీ రాలేదు. "ఆనవాలు పట్టలేదే. అంతట జర్రంత జర్రంత పోసిన."

తిడుతుందనుకున్నాడు.

"నీడున్నదా ఆడ?" అని అడిగింది.

"మస్తుగున్నది. ఎండ నేల మీద పడుతలేదు."

"గొర్లు లేకపాయె గద, చెట్లయినయి" అంది గోపమ్మ. "నువ్వు తవ్వి అవతల కూసున్నవు. తెల్లారిందాక నేను దాని మీద చెయ్యేసుకొని పండిన. గొర్లు తొక్కవచ్చినా లేవలే. నన్ను తోల్కపోతే కండ్లు మూసుకొని చూపిస్త. మళ్ల ఎన్నడు పోతరంట వాళ్లు?"

దుర్గయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. దామోదర్ సారు బల్ల మీద కూర్చొని చాయలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. పక్కన సుస్మిత చాయ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చుంది. అతను వాళ్ల ముందుకు పోయి నిలబడ్డాడు.

"సార్, మళ్ల ఎన్నడొస్తరు?"

"ఏమొస్తం లేవయ్యా! పిల్ల చూడు, ఎట్ల చిన్నబోయిందో. ఆ పిట్ట కనబడ్తదంటే వచ్చే ఐతారమే వస్తం."

"రాండ్రి సార్. రాళ్లవాగు కాడ పొద్దుగూకేదాక కూసుందాం" అన్నాడు దుర్గయ్య. "మా ఇంటామెను గూడ తీస్కొస్త. గా జాగ నాకంటె ఆమెకే బాగెరుక."