కత్తిరించిన చోటు

ఫ్రేముల కొట్టులో ఎదురుగోడ మీద వేలాడిన ఫోటోలో మీరేం చూశారు? తడుముకోకుండా చెప్పండి. అమ్మ, నాన్న, కొడుకు, కోడలు, నలుగురే అంటారు. అందరూ అదే అన్నారు. కొడుకు ఎడమ భుజం అంచులో కాస్త తెగిపోయిందని ఒక్కరూ చూడలేదు. కళ్లుండి ఏం లాభం?

ఆ కొడుకే కొట్టు యజమాని. పొద్దున్నే షట్టరెత్తి, అద్దాలు తుడిచి, బల్ల మీద స్కేలూ కత్తీ జిగురు డబ్బా వరసగా పెట్టుకుని, అప్పుడు టీ తాగేవాడు. ముప్పై ఏళ్లుగా అదే వరస. ఊళ్లో ఎవరింట పెళ్లయినా వారం తిరక్కుండా పుట్టింటి ఫోటో అతని బల్ల మీదికి వచ్చేది. పెళ్లయిన మర్నాటికల్లా పిల్ల పుట్టింటి ఫోటోలోంచి లేచి అత్తింటి ఫోటోలోకి వెళ్లిపోతుంది కదా, ఆమె నిలబడ్డ చోట వెనకాల తెర మాత్రం మిగిలేది.

ఏటి అవతల ఊళ్లలో అలా లేచి వెళ్లేది మగపిల్లలట. ఇంకా దూరాన ఎవరూ ఎక్కడికీ వెళ్లరట, రెండిళ్ల ఫోటోల్లోనూ ఉంటారట. ముత్తాతల కాలం నాటివీ అతని దగ్గరికి వచ్చేవి. ఇద్దరు పెళ్లాల మధ్య ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న మొగుళ్లు. ఉమ్మడి కాపురంలో మేనబావను చేసుకున్న పిల్లయితే అదే ఫోటోలో రెండు కుర్చీలు జరిగేది, అంతే. ఈ ఊళ్లో మాత్రం వెళ్లేది ఆడపిల్లే. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

మిగతా పనివాళ్లు ఆ ఖాళీని అలాగే ఉంచి ఫ్రేము కట్టేవాళ్లు. ఇతను ఉంచేవాడు కాదు. "ఖాళీ ఉంటే చూపంతా అక్కడికే పోతుందండీ" అని, స్కేలు ఆనించి ఒక్క గీత లాగేవాడు. తన చెల్లెలి పెళ్లికీ అదే చేశాడు. ఆమె అతని భుజాన్ని ఆనుకుని నిలబడి ఉండేది, అందుకే గీత అతని భుజాన్నీ కాస్త తీసుకుపోయింది. ముక్క చెత్తబుట్టలో పడింది.

అప్పటికింకా తల్లి బతికే ఉంది. "దాని చోటెందుకు కోశావురా?" అంది.

"అదక్కడ ఉందిగా అమ్మా. ఇక్కడ చోటెందుకు?"

ఆ మాట వెనక్కి తీసుకోవాలని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో అతనికే తెలియాలి.

పద్నాలుగేళ్ల తర్వాత, తల్లీ తండ్రీ పోయాక, ఒకనాడు అత్తింటి ఫోటోలో చెల్లెలి చోట ఇంకొకామె వచ్చి నిలబడింది. ఆ పూటే చెల్లెలు పెట్టె సర్దుకుని అన్న కొట్టుకు వచ్చింది.

"వచ్చేశానన్నయ్యా."

"ఎన్నాళ్లుంటావు?"

"వచ్చేశానంటే ఎన్నాళ్లంటావేంటి?"

చెల్లెలు పుట్టింటి ఫోటోలోకి తిరిగి వస్తుందేమోనని మూడు రోజులు ఎదురుచూశారు. నాలుగో రోజు ఫోటోలో అమ్మ అంచు వైపు తల తిప్పి కనిపించింది. చెల్లెలు మాత్రం రాలేదు. రావడానికి అక్కడ కాగితం లేదు.

"కాస్త వంకరగా కోసినా బాగుండేది. మీ పనితనం చూపించారు" అని వదిన భర్తను దెప్పింది.

"మన వెనకాల నిలబడుతుందేమోలే" అన్నాడతను.

చెల్లెలు నవ్వింది. "కనపడకుండా నిలబడటం అక్కడే నేర్చుకున్నాలే అన్నయ్యా. మళ్లీ ఇక్కడెందుకు?"

ఇస్త్రీ కొట్టు మీది గది అద్దెకు తీసుకుంది. ఆసుపత్రి దుప్పట్లకు చిరుగులు కుట్టే పనిలో కుదిరింది. రెండు నెలలు గడిచాక ఇంటావిడ మెట్ల మీద ఆపింది.

"నువ్వు మంచిదానివే, కాదనను. కానీ ఏ ఫోటోలో మనిషివో చెప్పాలి కదమ్మా. రేపు నీకేదైనా అయితే నేనెవరికి కబురు పెట్టను? నెలాఖరులోపు చూపించు, లేదంటే గది ఖాళీ చెయ్యి."

చెల్లెలు స్టూడియోకు వెళ్లి ఒక్కతే కూర్చుంది. ఒంటరి మనిషి ఫోటోలో నిలవదు. "కుర్చీ మటుకు బ్రహ్మాండంగా వచ్చిందమ్మా" అని ఫోటోగ్రాఫరు డబ్బులు తీసుకోకుండా ఇచ్చేశాడు.

దాన్ని తీసుకుని అన్న దగ్గరికి వెళ్లింది.

"నేను మీ ఇంటి మనిషినని ఒక చీటీ రాసివ్వు. ఇంటావిడకు చూపించుకుంటాను. లేదంటే గది పోతుంది."

అతను అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "ఫోటోలో లేనిదాన్ని ఉన్నావని ఎలా రాయనే? రేపు నలుగురూ వచ్చి గోడ మీద చూస్తే నా మాటేం కావాలి?"

"సరే. దీనికైనా ఫ్రేము కట్టు."

కట్టాడు. కుర్చీకి అటూ ఇటూ బోలెడంత ఖాళీ. దాన్ని కోయబోయి చెల్లెలి ముఖం చూసి ఆగాడు. ఆమె ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. కూర్చోమని అనలేదే అని అతనికి సాయంత్రం గుర్తొచ్చింది.

నెలాఖరు రోజు పొద్దున షట్టరెత్తేసరికి ఫోటోలో అమ్మ లేదు. నాన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పక్క కుర్చీ వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

వదిన వచ్చి చూసింది. "ఎక్కడికి వెళ్లుంటారో నేను చెప్పాలా? వెళ్లి తీసుకురండి. తల్లి లేచి వెళ్లిపోయిన ఫోటో పెట్టుకుని ఊరందరికీ ఫ్రేములు కడతారా?"

అతను వెళ్లాడు. మెట్ల దగ్గర ఇంటావిడ బియ్యం ఏరుతోంది. "మీ చెల్లెల్నిక కదిలించనులెండి. వాళ్లమ్మగారు వచ్చేశారుగా" అంది, చేతిలో చేట దించకుండానే.

గది తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన గోడకు ఆ ఫ్రేము. ఫోటోలోని కుర్చీలో ఇప్పుడు చెల్లెలు కూర్చుని ఉంది. వెనకాల అమ్మ, కుర్చీ వీపు పట్టుకుని, పోయేనాటి కంటే కాస్త ఒళ్లు చేసి కనిపించింది. ఇద్దరికీ అటూ ఇటూ చోటు చోటుగానే ఉంది.

ఆ ఫోటో కింద చెల్లెలు దుప్పటి కుడుతోంది. తలెత్తింది కానీ సూది ఆపలేదు.

"ఒక్క మాట చెప్పి లోపలికి రా అన్నయ్యా. అమ్మ కోసం వచ్చావా, నా కోసం వచ్చావా?"

ఒక కాలి చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అతను గుమ్మంలో నిలబడిపోయాడు. నిజం చెబితే వినేది చెల్లెలు. అబద్ధం చెబితే చూసేది అమ్మ. ఇంత బతుకూ కొలతలు తీసినవాడికి ఆ గుమ్మానికీ ఆ కుర్చీకీ మధ్య ఎంత దూరముందో అంతు చిక్కలేదు.

అతని చోట మీరుంటే ఏమని చెప్పి లోపలికి వెళ్లేవారు?