సొట్ట డబ్బాలు

గురువారం ఉదయం మిల్లర్టన్ చర్చి నేలమాళిగలో వెర్లిన్ స్టకీ డబ్బాలు సర్దుతున్నాడు. చిక్కుడు గింజలు ఒకవైపు, మొక్కజొన్న ఒకవైపు, టమాటా ఒకవైపు. పొడవాటి బల్లకు ఇవతల అతను. అవతల, మెట్లెక్కి బయట మంచులోకి సాగిన వరసలో ఊరి పేదవాళ్లు. వాళ్లకు సంచులు నింపి ఇవ్వడం అతని పని. జీతం లేని పనే అయినా ఏడేళ్లుగా ఒక్క గురువారం కూడా మానలేదు.

అక్కడ ఒక నియమం ఉంది. సొట్టపడిన డబ్బా ఎవరికీ ఇవ్వకూడదు. లోపలి తిండి చెడి ఉంటుందేమోనని భయం. అలాంటివి బల్ల కింద అట్టపెట్టెలో వేస్తారు. పనిచేసేవాళ్లు కావాలంటే వాటిని ఇంటికి పట్టుకుపోవచ్చు. మామూలుగా వారానికి ఒకటో రెండో ఉండేవి. ఆ జనవరి నుంచి పెట్టె సగం నిండుతోంది.

"లారీవాడు డబ్బాలు విసిరి పారేస్తున్నట్టున్నాడు నాయనా" అంది ఓపల్. ఆ పంపిణీ అంతా ఆవిడ చేతిమీదుగానే నడుస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మాజీ పంతులమ్మ. వెర్లిన్‌తో సహా సగం ఊరికి భిన్నాలు నేర్పింది ఆవిడే.

"అవునండీ. రోడ్లు కూడా గతుకులు కదా" అన్నాడు వెర్లిన్ తలెత్తకుండా.

పాఠకులారా, తప్పు లారీవాడిదీ కాదు, రోడ్డుదీ కాదు. వెర్లిన్ అందరికంటే ముందు వచ్చి, మంచి డబ్బాలను బల్ల అంచుకేసి కొడుతున్నాడు. దొంగతనమని తొందరపడి అనకండి. బల్లకు అవతల నిలబడితే అతనికి నిండు సంచీయే దొరికేది. పదడుగులు నడిచి అటు వెళ్లలేక, యాభై ఏడేళ్ల మనిషి తన తిండికి తానే సొట్టలు పెట్టుకుంటున్నాడు.

గ్యాస్ పొయ్యిల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు రాత్రి షిఫ్టులో, రేకులు నొక్కే ప్రెస్సు మీద పనిచేశాడు వెర్లిన్. క్రితం మార్చిలో దానికి తాళం వేశారు. ఆరు నెలలు రాష్ట్రం నిరుద్యోగ భృతి ఇచ్చింది. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ కేంద్రం ఇచ్చే పొడిగింపు మీద బతికారు. ఆ పొడిగింపు చట్టానికి డిసెంబరు ఆఖరుతో గడువు తీరింది. ఇంకో మూడు నెలలు పెంచితే సరిపోతుందని అందరికీ తెలుసు. కాని వాషింగ్టన్‌లో ఒక పక్షం, ఖర్చు ఎక్కడ తగ్గిస్తారో ముందు చెప్పండి, తర్వాతే ఇద్దాం అంది. రెండో పక్షం, ఇల్లు కాలుతుంటే నీళ్లకు బేరమా అంది. ఎగువ సభ సెనేట్‌లో అరవై ఓట్లు కావాలి. యాభై తొమ్మిది వచ్చాయి. పాపం ఎదుటివాళ్లదేనని రెండు పక్షాలూ మైకుల ముందు చెప్పి సెలవులకు ఇళ్లకు వెళ్లాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అయినా ప్రతి ఆదివారం ఫోను చేస్తూనే ఉండమని భృతి కార్యాలయం ఉత్తరం రాసింది. రేపు చట్టం వస్తే ఆ వారాలకు కూడా కలిపి ఇస్తారట. అందుకని చర్చి నుంచి రాగానే వెర్లిన్ కోటు కూడా విప్పకుండా ఫోను పట్టుకునేవాడు. అవతల యంత్రం అడిగేది: ఈ వారం మీరు పని చేయగల స్థితిలో ఉన్నారా? పనికి సిద్ధంగా ఉన్నారా? అవునంటే ఒకటి నొక్కండి.

బొటనవేలితో నొక్కేవాడు.

"అంత గట్టిగా నొక్కితే వాషింగ్టన్‌కి వినబడుతుందా ఏంటి?" అనేది భార్య నోరీన్. ఉబ్బసంతో మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకునే మనిషి. ఆ ఊపిరి చాలనప్పుడు కూడా పరాచికం మానదు.

ఫిబ్రవరిలో మూడింటిలో ఒకటి వదులుకోక తప్పలేదు. ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు, నోరీన్ మందు, ఫోను.

"ఫోనే తీసేద్దాం" అన్నాడు వెర్లిన్.

"ఇరుసుల కంపెనీవాళ్లు పిలుస్తామన్నారు కదా?"

పక్క ఊళ్లో ట్రక్కుల ఇరుసులు చేసే కంపెనీ అది. వెర్లిన్ పనితనం చూసిన మేస్త్రీ, పట్టికలో నీ పేరే మొదటిది, ఫోను దగ్గర పెట్టుకో అన్నాడు.

"ఇంకో నెల పడుతుందన్నాడు. ఈలోగా వాషింగ్టన్‌లో ఏదో ఒకటి తేలుస్తారులే."

"పోనీ వాళ్లకి ఓపల్ గారి నంబరు ఇచ్చిరా."

"ఇవ్వాలంటే ముందు ఆవిడని అడగాలి. ఎందుకని ఆవిడ అడగదూ?"

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. ఆ ఊళ్లో అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే భయం, అందుకే ఏ ఇంటి సంగతీ పక్కింటికి తెలియదు. జబ్బు చేస్తే చర్చిలో చెయ్యెత్తి ప్రార్థించమని అడుగుతారు. పని పోయిందని చెయ్యెత్తినవాడు ఒక్కడూ లేడు.

ఆ గురువారం వరసను చూడడానికి ఒక అతిథి వచ్చాడు. ఆ జిల్లా నుంచి ప్రతినిధుల సభకు వెళ్లిన పెద్దమనిషికి స్థానిక కార్యదర్శి. చలికోటు లోపల టై, చేతిలో నోట్‌బుక్. ఒకరిద్దరిని పలకరించి, ఒక ఫోటో తీయించుకుని, వేడి కాఫీతో బల్ల పక్కన నిలబడ్డాడు.

అప్పుడే వెండెల్ ప్రూయిట్ పెద్ద డోనట్ల పెట్టెతో మెట్లు దిగాడు. ఫ్యాక్టరీలో వెర్లిన్ పక్క ప్రెస్సు అతనిదే. ఏ వారమైనా వరసలో నిలబడేవాడు, ఆ రోజు వరస తప్పించుకుని నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్ వెర్లిన్, నా సంచీ ఇంకెవరికైనా ఇచ్చెయ్. సోమవారం నుంచి ఇరుసుల కంపెనీలో ప్రెస్సు మీద నేనే."

వెర్లిన్ చేతిలో డబ్బా ఆగిపోయింది. "ఎప్పుడు పిలిచార్రా?"

"మొన్న మంగళవారం. అసలు నాది రెండో పేరట. మొదటివాడికి చేస్తే, ఈ నంబరు వాడుకలో లేదందట. తిక్కలోడు కాకపోతే, పని కావాల్సినవాడు ఎవడైనా ఫోను తీసేసుకుంటాడా? వాడి తిక్క నా అదృష్టం అనుకో."

"మంచిదిరా" అన్నాడు వెర్లిన్. నిజంగానే అన్నాడు. వెండెల్ ఇంట్లో ముగ్గురు పిల్లలు.

సంగతి అక్కడితో ముగిసేదే. కాని కార్యదర్శి ఆ మాట విన్నాడు.

"చూశారా, మా ప్రతినిధిగారు చెప్పేది సరిగ్గా ఇదే. ఊరికే ఇస్తూ పోతే పని వెతుక్కోవాలన్న తపన పోతుంది. మొదటి పేరు వాడికే ఫోనెత్తే తీరిక లేదు" అంటూ నోట్‌బుక్ తెరిచాడు.

వరసలోవాళ్లు తమ బూట్ల వంక చూసుకున్నారు. అందరికంటే ముందున్న ముసలాయన, తీసుకోబోయిన సంచీ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ మాట వెర్లిన్‌కు కొత్తది కాదు. ఐదేళ్ల కిందట గాజు ఫ్యాక్టరీ మూసినప్పుడు, కాఫీ హోటల్లో నలుగురి మధ్యా కూర్చుని, కూర్చోబెట్టి డబ్బిస్తే లేచేదెవడు అన్నది అతనే. ఆ రోజు అందరూ నవ్వారు. గాజు ఫ్యాక్టరీ మనిషి ఎవరైనా పక్క బల్ల దగ్గర ఉన్నారేమోనని అతను తిరిగి చూడలేదు. వెనక్కి వెళ్లిన ఆ ముసలి చెయ్యి చూసి, ఇప్పుడు చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఆ నంబరు నాదే" అన్నాడు.

వెండెల్ ముఖంలో నవ్వు చెదిరింది. "నీదా? మరి నాకు చెప్పలేదేంట్రా?"

"ఏమని చెప్పన్రా?" వెర్లిన్ కార్యదర్శి వైపు తిరిగాడు. "అయ్యా, మార్చి నుంచి నేను అడగని కంపెనీ ఈ చుట్టుపక్కల లేదు. డిసెంబరులో భృతి ఆగింది. జనవరిలో కారులో పెట్రోలు ఆగింది. ఈ సోమవారం ఫోను ఆగింది. మంగళవారం పని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను దొరకలేదు. ఇది కూడా రాసుకోండి."

కార్యదర్శి కలం కదల్లేదు.

"ఇప్పుడే వెళ్లి చెప్తాను. ఆ పని నీది" అన్నాడు వెండెల్.

"వద్దు. నీ పిల్లలు నీ వంక చూస్తున్నారు. నువ్వు వెళ్లు."

ఓపల్ కష్టంగా వంగి, బల్ల కింది అట్టపెట్టెను ఇవతలికి లాగింది. "ఏడు వారాలుగా ఈ సొట్టలు చూస్తున్నాను నాయనా. అన్నీ ఒకే ఎత్తున, ఒకే అంచుకి తగిలినవి. లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలియదా? నీ పరువు కాపాడుతున్నాననుకుని నీ ఆకలి చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది కూడా." కళ్లద్దాలు తీసి తుడుచుకుని కార్యదర్శితో అంది: "సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువైందన్నారు. ఆ ఒక్క ఓటు ఎవరి ఇంట్లో ఏమేమి తీసుకుపోయిందో వెళ్లి చెప్పండి. నిజం అప్పజెప్పడానికి నోట్‌బుక్ అక్కర్లేదు."

వెర్లిన్ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి బల్ల మీద పెట్టాడు. బల్ల చుట్టూ తిరిగి అవతలికి నడిచాడు. ముందు నిలబడమని ఇద్దరు ముగ్గురు జరిగారు. అతను తల అడ్డంగా ఊపి, మెట్లెక్కి, బయట మంచులో వరస చివర నిలబడ్డాడు. పావుగంటకు అతని వంతు వచ్చింది. ఓపల్ సంచీ నింపింది, సొట్టలేని డబ్బాలు ఏరి ఏరి.

ఆ వసంతంలో సెనేట్ ఎలాగో మనసు మార్చుకుని పొడిగింపు బిల్లును గెలిపించింది. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే ఎత్తలేదు. పొడిగింపు రానే లేదు. ఇరుసుల కంపెనీలో మళ్లీ ఖాళీ రాలేదు. నోరీన్ పీల్చే ఉబ్బసం మందు పూటకు రెండు పీల్పుల నుంచి ఒకటికి తగ్గింది.

అయినా ప్రతి ఆదివారం వెర్లిన్ ఓపల్ ఇంటికి వెళ్లి, ఆవిడ ఫోను నుంచే పిలిచేవాడు. పని చేయగల స్థితిలో ఉన్నారా, సిద్ధంగా ఉన్నారా అని యంత్రం అడిగేది. అతను ఒకటి నొక్కేవాడు. అవునని చెప్పడానికి అతను ఒక్క వారమూ తప్పలేదు. తప్పినవాళ్లు ఆ మాట వినవలసినవాళ్లు. పని లేనివాడి చేతికర్ర లాక్కుని, ఇక పరుగెత్తు అనడం సంస్కరణ కాదు, వాడు పడిపోతే సోమరి అనడం న్యాయమూ కాదు.