పేరిందేవి తనకోసం కుట్టుకున్న సంచి

నేను ఒక సంచిని. వీపుకి తగిలించుకునే సంచినే గానీ, గాజు బీరువాలోంచి దిగినదాన్ని మాత్రం కాను. చీరాలలో పేరిందేవి కుట్టుమిషను మీద పుట్టాను. నా ఒళ్ళు ఆవిడ కొట్టు ముందు ఎండకి కట్టిన టార్పాలిన్ పట్టా. నా భుజాలు పాత మంచం విప్పితే వచ్చిన నవారు. ఇక లోపలి అస్తరు సంగతి చెప్పొద్దూ, వీధిలో ఆడవాళ్ళందరి జాకెట్ల పీలికలూ నా కడుపులోనే ఉన్నాయి. ఎవరి పెళ్ళికి ఎవరు ఏ రంగు కుట్టించుకున్నారో నన్నడగండి, చెబుతాను.

నలభై ఏళ్ళు పేరిందేవి ఊరందరి కొలతలూ తీసింది. తనకంటూ తీరిగ్గా కూర్చుని కుట్టుకున్న మొదటి వస్తువుని నేనే.

ఎందుకంటే, బళ్ళో కలిసి చదివిన ముగ్గురు స్నేహితురాళ్ళకి చైనా దక్షిణాది పట్నాలు చూడాలని బుద్ధి పుట్టింది. బస్సు కండక్టరుగా రిటైరైన మస్తాన్‌బీ, పంతులమ్మగా రిటైరైన కరుణమ్మ, ఇంకా రిటైరవ్వని పేరిందేవి. హోటలు గది పేరెత్తకూడదు, టాక్సీ ఎక్కకూడదు, ఎవరి వీపు మోసినంతే వాళ్ళు తెచ్చుకోవాలి అని ఒప్పందం. మనుషుల మాటలు వినడానికి బావుంటాయి. నాలో మాత్రం అటుకులు, గోంగూర పచ్చడి డబ్బా, కారప్పొడి, మూడు చీరలు, ఒక దుప్పటి కుక్కారు.

గ్వాంగ్‌జౌలో ఎనిమిదిమంది పడుకునే గదిలో పైమంచాలెక్కి పడుకున్నారు. రైల్లో ఉచితంగా దొరికే మరిగే నీళ్ళు పోసి అటుకులు నానబెట్టుకున్నారు. రెండు పట్నాలు అలా గడిచాయి. మూడోది షియామెన్. అక్కడ మెట్లెక్కుతుంటే నా ఎడమ నవారు పుటుక్కుమంది.

"పోతే పోయిందిలేవే దేవీ. ఇక్కడ బ్యాగులు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఒకటి కొనుక్కుని దీన్ని ఆ డబ్బాలో పడెయ్," అంది మస్తాన్‌బీ. "మధ్యాహ్నం గ్వెయ్‌లిన్ బండి. నీ సంచి కోసం ఆగదు."

నా పక్కనే చెత్తడబ్బా నోరు తెరుచుకుని ఉంది.

"అయితే మీరు ఎక్కండి. ఊరందరికీ కుట్టి కుట్టి, నాకని కుట్టుకున్నది ఇదొక్కటేనే. దీన్ని వదిలి అడుగు కదపను," అంది పేరిందేవి. నన్ను చంటిపిల్లలా చంకనేసుకుని వెతుకుతూ బయల్దేరింది.

ఒక సందులో మిషను పెట్టుకుని జిప్పులు బాగుచేసే ఆవిడ కనిపించింది. యాభై ఏళ్ళుంటాయేమో, జుట్టుకి నిగనిగలాడే రంగు, పెదాలకి ఎరుపు. పేరిందేవి మన వైపు ఏ ఆడమనిషినైనా పిలిచినట్టే మర్యాదగా పిలిచింది.

"అమ్మా! కాస్త ఈ నవారు కుట్టిపెట్టమ్మా!"

ఆవిడ మొహం మాడిపోయింది. నన్ను తోసేసింది. పేరిందేవి ఇంకాస్త మర్యాద కలిపింది. "అమ్మా, బండి టైమవుతోందమ్మా!" అన్నకొద్దీ ఆవిడ గొంతు లేస్తోంది. మాటల్ని తర్జుమా చేసే ఫోను కరుణమ్మ దగ్గరుంది. దాన్ని ఆవిడ నోటి ముందు పెట్టి, చదివి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒసేయ్, వీళ్ళ ఊరి మాటలో 'అమా' అంటే నానమ్మటే! 'తల నెరిసిన ఈవిడకి నేను నానమ్మనా?' అని అడుగుతోంది."

"పిలిచినప్పుడల్లా ఇంకో తరం ముసలిదాన్ని చేశావు గదే!" అంది మస్తాన్‌బీ.

పేరిందేవి నవ్వలేదు. రెండు చేతులా లెంపలేసుకుంది. ఆవిడ కరగలేదు. చేతులు కట్టుకుని అటు తిరిగింది. అప్పుడు పేరిందేవి నన్ను తిరగేసి నా లోపలి కుట్లు చూపించింది. సూదిపోట్లతో గరుకెక్కిన తన చూపుడువేలు చూపించింది. తర్వాత మిషను చూపించింది. ఆవిడ ఆ వేలిని చూసి, స్టూలు మీంచి లేచి చోటిచ్చింది.

అది మోటారు మిషను. మా దేవి కాలు పెట్టగానే గుర్రంలా దౌడు తీసింది. కుట్టు వంకర పోయింది. దారం పంటితో తెంపి, విప్పి, మళ్ళీ మొదలెట్టింది. నాలుగు పొరల నవారు సూదికి లొంగనంది. చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో పోటే దించింది. ఒళ్ళంతా చెమట, పెదవి కరిచిపట్టి ఉంది. వంకరగానే అయినా చివరిదాకా కుట్టింది.

ఆవిడ వచ్చి నా భుజాన్ని గుంజి చూసింది. ముక్కుతో ఒక శబ్దం చేసి, లావు సూది మార్చి, లావు నల్లదారంతో ఆ వరస పక్కనే ఇంకో వరస లాగించింది. అది గీత గీసినట్టు వచ్చింది. పని అయ్యాక ఫోనులో ఏదో చెప్పింది.

"'ఇంత మందానికి ఆ సూది చాలదు, అక్కా' అంటోంది," అని చదివింది కరుణమ్మ.

"అక్కనే మరి! చెల్లీ అంటే కోపం వస్తుందేమో ముందు కనుక్కో," అంది పేరిందేవి.

పరుగో పరుగు. ముప్ఫై ఏళ్ళు జనాన్ని బస్సులోకి తోసిన చేతులతో మస్తాన్‌బీ ఇద్దర్నీ రైలు పెట్టెలోకి తోసింది. గ్వెయ్‌లిన్ కొండల మెట్లన్నీ నేను పేరిందేవి వీపు మీదే ఎక్కాను.

ఇప్పుడు చీరాలలో మిషను పక్కన కొక్కేనికి ఉంటున్నాను. కూరల బజారుకీ నేనే వెళ్తాను. మొన్న కరుణమ్మ నా భుజం తడిమి, "ఆవిడ కుట్టు ఒక్కటే చాలు, మోస్తుంది. ఈ వంకర వరస విప్పెయ్యవే, చూడ్డానికి బావుంటుంది," అంది.

పేరిందేవి కత్తెర తీసి దూరంగా పెట్టింది.

"ముట్టుకోకు. అది నాది."