సోల్వా గదిలో కూనిరాగం

హలో, అందరూ ఉన్నారా? వినపడుతోందా? సరే, మంచిది. పక్కన టీవీ ఉంటే కాస్త కట్టేయండి. టీ తాగుతూ వినండి, వద్దనను. కానీ అందులో కలకండ మాత్రం వేసుకోకండి. ఎందుకన్నానో ఇప్పుడే తెలుస్తుంది.

జర్మనీ ఉత్తరపు ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్ళో టీ అంటే కప్పులో ముందు కలకండ ముక్క వేసి, దాని మీద వేడి టీ పోస్తారు. ముక్క చిటచిటమని పగులుతుంది. ఆ చప్పుడు వినపడకపోతే ఇక్కడివాళ్ళకి టీ తాగినట్టే ఉండదు. కానీ మా జూలో ఒక గది ఉంది. నవంబరు మధ్య నుంచి మార్చి దాకా ఆ గదిలో ఎవరూ టీలో కలకండ వేయరు. గోడకి అవతల తెల్ల ఎలుగుబంటి ఈనుతుంది. ఆ చిటచిట దానికి వినపడకూడదు.

హారో క్లాసెన్ ఆ గదిలో ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నాడు. ఆ నాలుగు నెలలూ బూట్లు విప్పేసి ఉన్ని చెప్పులతోనే తిరుగుతాడు. ఒకటే కోటు వేసుకుంటాడు, ఉతకడు. వాసన మారితే తల్లి బెదురుతుందని. "ఆ కోటు గడప దాటిందా, నువ్వు కూడా బయటే పడుకో" అంటుంది వాళ్ళావిడ. అందుకని కోటు సైకిలు షెడ్డులో ఉంటుంది.

గోడకి అవతలున్న ఎలుగుబంటి పేరు సోల్వా. డిసెంబరు మూడున ఈనింది. ఒకటే పిల్ల. కళ్ళు తెరవనిది, అరచేతిలో పట్టేంతది. లోపల దీపం ఉండదు. చీకట్లో కూడా చూసే కెమెరా ఒకటి ఉంటుంది గానీ, దాంట్లో కనపడేది ఎప్పుడూ సోల్వా వీపే, తెల్ల గోడలాగా. అందుకే చూడటం కంటే వినటం ముఖ్యం. పాలు తాగేటప్పుడు పిల్ల ఆగకుండా కూనిరాగం తీస్తుంది. దూరంగా ఎవరింట్లోనో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంటుంది. గోడలోంచి ఒక గొట్టం, గొట్టంలో మైకు, ఈ గదిలో ఒక స్పీకరు. రాగం వినపడిందంటే పిల్ల బతికుంది. ఎన్నింటికి వినపడింది, ఎంతసేపు వినపడింది, వినికిడి పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాలి.

పిల్లకి తొమ్మిదో రోజు. పొద్దున ఆరూ నలభైకి కూనిరాగం వినపడింది. ఆ తర్వాత లేదు.

పది గంటలకి గేషె ఉన్ని చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. హారోతో కలిసి పన్నెండేళ్ళుగా ఎలుగుబంట్లని చూసుకుంటోంది. నోరు కాస్త ఎక్కువ, కానీ ఈ గదిలో అదీ గుసగుసగానే.

"మొయిన్, ముసలోడా. ఏమన్నా పాడిందా?"

మొయిన్ అంటే ఇక్కడ నమస్కారం. పొద్దున్నయినా సాయంత్రమైనా అదే.

"ఆరూ నలభై తర్వాత లేదు."

"మూడు గంటల పైనా? నువ్వు కునుకు తీశావేమో."

"నేనా?"

"నువ్వు కాదులే, నీ కోటు తీసుంటుంది. దానికి ప్రాణం వచ్చేసింది ఈపాటికి."

హారో నవ్వలేదు. గేషె అతని మొహం చూసి తనూ నవ్వటం మానేసి పక్కన కూర్చుంది.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఐరోపా జూలలో ఉన్న తెల్ల ఎలుగుబంట్లన్నిటికీ కలిపి ఒక పెద్దమనిషి ఉన్నాడు. హాలండు ఆయన, పేరు వౌటర్. ఏ ఆడదానికి ఏ మగదాన్ని కలపాలి, ఏది ఏ ఊరు వెళ్ళాలి, అన్నీ ఆయనే చూస్తాడు. గేషె ఆయన్ని పెళ్ళిళ్ళ పేరయ్య అంటుంది. ఆయన పంపిన కాగితంలో మూడో లైను కింద ఎర్రగీత ఉంది. ఎనిమిది గంటలు కూనిరాగం వినపడకపోతే తలుపు తీయాలి, తల్లిని పక్క గదిలోకి తోలాలి, పిల్లలో ఊపిరి ఉంటే తీసుకొచ్చి సీసాపాలతో పెంచాలి.

ఆ లైను వెనక అసలేం జరిగిందో హారోకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మూడేళ్ళ కిందట ఇదే గది, ఇదే సోల్వా. పదకొండు గంటలు ఏమీ వినపడలేదు. అప్పట్లో ఎనిమిది గంటల నియమం లేదు, ఎంతసేపైనా ఆగమనేవారు. హారో ఆగలేకపోయాడు. ఎవరినీ అడక్కుండా చక్రం తిప్పి ఇనప తలుపు ఒక జానెడు తెరిచాడు, టార్చి వేశాడు. పిల్ల తల్లి గడ్డం కింద ఉంది. ముందుకాలు కదిలించింది. నోరు తెరిచి కూనిరాగం తీస్తోంది, చెవులారా విన్నాడు. సోల్వా తలెత్తి అతని వైపు చూసింది. అలా చూస్తూనే పిల్లని నోట కరుచుకుంది. దవడ మూసింది.

మర్నాడు గొట్టం విప్పి చూస్తే లోపలంతా మంచు పేరుకుని ఉంది. మైకు మూగబోయింది అందుకే. అతను మంచు తుడిచేశాడు. పుస్తకంలో మాత్రం ఇలా రాశాడు: 'పదకొండు గంటలు నిశ్శబ్దం. తలుపు తీసేసరికే పిల్ల చనిపోయి ఉంది.' కింద సంతకం.

ఆ ముక్క చదివి వౌటర్ ఆలోచించాడు. పదకొండు గంటలు ఆగితే పిల్ల చచ్చిపోయిందంటే మరీ ఆలస్యం అయిందన్నమాట, ఇకనుంచి ఎనిమిది గంటలకే తీయాలి అని. ఆ మాట అన్ని జూలకీ వెళ్ళింది.

ఇక్కణ్ణించి జాగ్రత్తగా వినండి.

ఆ వారమే, గోడ మేకుకి తగిలించి ఉన్న పాత చెవి ఫోను తీసి హారో తలకి పెట్టుకున్నాడు. వైరు దేనికీ తగిలించి లేదు, కింద వేలాడుతోంది. అయినా కూనిరాగం వినపడింది. సన్నగా, ఆగకుండా. వైరు చేత్తో పట్టుకుని చూశాడు. చివర ఇత్తడి ముల్లు చల్లగా ఉంది. రాగం ఆగలేదు. ఎవరికీ చెప్పలేదు.

కిందటి చలికాలం వేరే దేశంలో ఒక జూవాళ్ళు కాగితంలో ఉన్నట్టే ఎనిమిది గంటలకి తలుపు తీశారు. పిల్ల దక్కలేదని ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. ఆ ఉత్తరం చదివిన రోజు హారో చెవి ఫోను పెట్టుకుంటే లోపల రెండు రాగాలు వినపడ్డాయి. ఒకటి ఊపిరి తీసుకునేటప్పుడు రెండోది నడుస్తోంది.

ఇప్పుడు పన్నెండున్నర అయింది. సోల్వా వీపు కదల్లేదు. పశువుల డాక్టరు వీబ్కె వచ్చింది. చిన్న పెట్టె, అందులో సీసా, వేడినీళ్ళ సంచీ, తువ్వాలు అన్నీ సర్దుకుని మరీ వచ్చింది. ఈ జూకి వచ్చి రెండేళ్ళే.

"రెండూ నలభైకి తలుపు తీద్దాం. హారో చక్రం తిప్పుతాడు, గేషె పక్క గదిలో చేపలు పెట్టాలి. పిల్ల నా పని."

"ఇంకొంచెం ఆగుదాం" అన్నాడు హారో.

"ఎందుకు ఆగాలి? ఆగితే ఏమవుతుందో నీకంటే ఎవరికి తెలుసు? ఆ నియమం నీ పుస్తకంలోంచి వచ్చిందే కదా."

గేషె అతని భుజం తట్టింది. "నీ మూలంగా ఒక మంచి పని జరిగిందిలే, ముసలోడా. ఈసారి బతికించుకుందాం."

హారో లేచి మేకు మీదున్న చెవి ఫోను తీసి పెట్టుకున్నాడు. వైరు వేలాడుతూనే ఉంది. రెండు రాగాలు. కళ్ళు మూసుకుని మూడోదాని కోసం విన్నాడు. తన ఊపిరి బిగబట్టి విన్నాడు. రెండే.

అతనికి ఒక సంగతి వెలిగింది. ఇందులో వినపడేవి చనిపోయినవి. మూడోది ఇందులో లేదంటే, అది గోడ అవతలే ఉంది. ఇంకా.

"వైరు ఊడిపోయింది చూడు" అంది వీబ్కె.

"తెలుసు."

రెండూ పదిహేనయింది. గేషె చేపల బకెట్టు తెచ్చి, చప్పుడు కాకుండా కింద గోనె పరిచి దాని మీద పెట్టింది. రెండూ ఇరవై అయిదు. వీబ్కె చేతులకి తొడుగులు వేసుకుంది. హారో చక్రం దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేశాడు. పోయినసారి వేసిన చోటే. చెయ్యి తీసేశాడు.

"నేను తిప్పను."

"హారో, ఇది నీ ఇష్టం కాదు."

"అప్పుడు పిల్ల బతికే ఉంది" అన్నాడు.

"ఎప్పుడు?"

"మూడేళ్ళ కిందట. నేను తలుపు తీసేసరికి బతికే ఉంది. పాలు తాగుతోంది. నన్ను చూసి తల్లి చంపేసింది. మైకులో మంచు పట్టింది, అంతే. నేను పుస్తకంలో అబద్ధం రాశాను."

గేషె బకెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది.

"మరి పోయినేడు వాళ్ళు..." అంది మెల్లగా.

"అదీ నేనే."

"నాతో రోజూ టీ తాగావు కదరా" అంది గేషె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వీబ్కె తొడుగులు విప్పకుండానే ఫోను తీసి వౌటర్‌కి కలిపింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి ఫోను హారో చేతిలో పెట్టింది.

"నిజమేనా?" అన్నాడు వౌటర్. ముసలి గొంతు.

"నిజమే."

"మీ మాట నమ్మి నేను పంతొమ్మిది జూలకి రాశాను, హారో గారూ."

"తెలుసండీ."

"ఇప్పుడు మీ మాట నమ్మి తలుపు తీయొద్దని చెప్పాలి. ఆ పిల్ల నిజంగానే ఊపిరి కోసం కొట్టుకుంటూ ఉంటే? ఏ మాట నమ్మమంటారు? అప్పటిదా, ఇప్పటిదా?"

హారో దగ్గర జవాబు ఒకటే ఉంది. వైరు తగిలించని చెవి ఫోనులో మూడోది వినపడలేదని ఎలా చెప్తాడు? "సంతకం పెట్టి రాసిస్తాను. ఇప్పుడే. పిల్ల పోతే ఆ నేరం నా పేరున రాసుకోండి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది. తర్వాత "తీయొద్దు" అన్నాడు వౌటర్. "ముందు రాసి పంపండి."

రెండూ నలభై దాటింది. హారో వినికిడి పుస్తకం మూడేళ్ళ వెనక్కి తిప్పి, ఆ పాత వాక్యం పక్కన ఇవాళ్టి తేదీ వేసి, జరిగినదంతా రాశాడు. వీబ్కె దాన్ని ఫోటో తీసి పంపింది. తర్వాత ముగ్గురూ కూర్చున్నారు. నాలుగింటికే బయట చీకటి పడింది. టీ చల్లారిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు.

అయిదూ నలభై. పదకొండు గంటలు. వీబ్కె గడియారం చూసింది, హారో చూడలేదు. అతను చెవి ఫోను పెట్టుకుని ఉన్నాడు. రెండు. రెండు. రెండే.

ఆరూ పన్నెండుకి కెమెరాలో తెల్ల గోడ కదిలింది. సోల్వా బద్ధకంగా అటు నుంచి ఇటు దొర్లింది. దాని వీపు కింద నలిగి గొట్టం మూతిని మూసేసిన గడ్డి ఊడి పడింది. స్పీకరులో ముందు గరగర. తర్వాత కుట్టుమిషను.

గేషె రెండు చేతులతో నోరు మూసుకుంది. వీబ్కె ఏడుస్తూ తొడుగులతోనే కళ్ళు తుడుచుకుంది. హారో తలకి ఉన్నదాన్ని తీసేసి స్పీకరు విన్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. స్పీకరులో ఒకటి. చెవి ఫోనులో రెండు. కలవలేదు.

మర్నాటి నుంచి హారోకి ఎలుగుబంట్ల దగ్గర పని లేదు. మేకల దొడ్డి ఇచ్చారు. అదైనా దయే. వౌటర్ ఎర్రగీత లైను కొట్టేసి అన్ని జూలకీ కొత్త కాగితం పంపాడు. గేషె రెండు నెలలు అతనికి మొయిన్ కూడా చెప్పలేదు.

మార్చిలో సోల్వా పిల్లని వెంటేసుకుని బయటికి వచ్చింది. ఆడపిల్ల. ఊరు ఊరంతా చూడటానికి వెళ్ళింది. హారో కూడా టికెట్టు కొనుక్కుని జనం వెనక నిలబడి చూశాడు. ఉతికిన కోటు వేసుకుని.

అక్కడికే వచ్చింది గేషె. "ఒకసారి లోపలికి రా."

వినే గదిలోకి తీసుకెళ్ళింది. గోడ అవతల ఖాళీ. గడ్డంతా తీసేసి నేల కడిగారు, ఇనప తలుపు బార్లా తెరిచి ఉంది. మైకు విప్పి బల్ల మీద పెట్టారు.

"ఇందాక ఇవన్నీ సర్దుతూ దీన్ని పెట్టుకున్నాను" అంది, చెవి ఫోను అతనికి చూపిస్తూ. వైరు వేలాడుతోంది. ఆమె మొహం పాలిపోయి ఉంది. "ఆ రోజంతా ఇదే పెట్టుకుని కూర్చున్నావు. నిజం చెప్పు. నీకు ఎన్ని వినపడేవి?"

"రెండు" అన్నాడు హారో.

గేషె చెవి ఫోను అతని చేతిలో పెట్టింది. "నాకూ రెండే."

కాసేపటికి ఆమే వినికిడి పుస్తకం అతని ముందుకి జరిపింది. హారో చెవి ఫోను పెట్టుకుని విని, టైము చూసి రాశాడు: 'పదకొండూ ఇరవై. గది ఖాళీ. రెండు కూనిరాగాలు వినపడుతున్నాయి.' సంతకం పెట్టాడు. దాని కింద గేషె కూడా పెట్టింది.

అదండీ కథ. మీకు తెలిసినవాళ్ళలో రోజూ ఏదో ఒక పుస్తకంలో చూసింది రాసి కింద సంతకం పెట్టే ఉద్యోగం చేసేవాళ్ళు ఉంటారు. ఆసుపత్రిలో నర్సమ్మ, రైలు గేటు దగ్గర మనిషి, ఎవరైనా సరే. వాళ్ళకి ఈ కథ పంపండి. ఇప్పుడిక కలకండ వేసుకోవచ్చు.