మిగిలిన తొమ్మిదడుగులు

నేను ఒక ఇనుప ర్యాంపుని. తొక్కించుకోవడమే నా ఉద్యోగం. అలాగని లోకువగా చూస్తే మాత్రం ఊరుకోను. పది టన్నుల లారీని నెత్తికెత్తుకుని ‘అబ్బా’ అనని దాన్ని. మీరు కాలికి గడప తగిలితేనే వీధంతా వినబడేట్టు అరుస్తారు!

చిలకలూరిపేటలో హైవే పక్కన, మెకానిక్ ఏసుపాదం షెడ్డు ముందు ఉంటాను. వాన నీళ్లు లోపలికి రాకుండా ఆ షెడ్డు నేలను ముంగిలికన్నా పద్నాలుగు అంగుళాలు ఎత్తు చేశారు. నీళ్లు రాలేదు, బాగానే ఉంది. బండ్లు కూడా రాలేకపోయాయి. మనుషుల తెలివి ఇలాగే ఉంటుంది. రాళ్లూ మట్టీ పోసి వాలు చేస్తే ప్రతి వానకీ కొట్టుకుపోయేది. అందుకని నన్ను చేయించారు.

చేయించింది దయానందం, ఏసుపాదం బావమరిది. అప్పటికి ఏడాదిగా షెడ్డు అతనే నడుపుతున్నాడు. ఏసుపాదం ట్రాక్టరు కింద దూరి పని చేస్తుంటే జాకీ జారింది. ఆసుపత్రిలో రెండు కాళ్లూ మోకాళ్ల దాకా తీసేశారు. ఆయన ఇంటి దగ్గరే ఉన్నాడు కాబట్టి నా కొలతలు తీసేటప్పుడు ఎవరికీ ఆయన గుర్తు రాలేదు. తప్పు జరిగింది అక్కడే.

నన్ను చేసింది కాశింబీ. పక్క షెడ్డులో ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్న మనిషి. చీర మీద ఖాకీ చొక్కా, బుగ్గన వక్కపలుకు. ఇనుప చానెళ్లు కోసి చట్రం కట్టింది, కింద కాళ్లు నిలబెట్టింది, పైన గళ్లు పొంగిన మందపాటి ప్లేటు పరిచింది. దయానందానికి ఒకటే తొందర.

“అక్కా, అక్కడక్కడా చుక్కలు పెట్టి వదిలెయ్. అడుగున ఎవుడు చూడొచ్చాడు?”

“లారీ చూసుద్ది,” అంది కాశింబీ, తల ఎత్తకుండా.

ఆ మాటకి నా ఒళ్లంతా పొంగిపోయింది. ప్రతి అతుకునీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నింపింది ఆవిడ. నా పొడవు ఐదడుగులు. అంతకన్నా పెంచితే ముంగిట్లో రెండు బండ్లు ఆపుకునే చోటు పోతుందని దయానందం పట్టుబట్టాడు. నన్ను తెచ్చి, కాంక్రీటులో బోల్టులు దింపి బిగించారు. మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, నింపుకుని ఒక లారీ వచ్చి నా మీదుగా ఎక్కింది. నేను వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు పొగరెక్కింది. ఎక్కదా మరి!

సరిగ్గా ఆ రోజే మధ్యాహ్నం ఏసుపాదం చక్రాల కుర్చీలో వచ్చాడు. ఏడాది తరవాత పనిలోకి దిగుదామని వచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, చక్రాలు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. రెండడుగులు ఎక్కి వెనక్కి జారాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. మూడోసారి కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కాశింబీ పట్టుకోకపోతే వెల్లకిలా పడేవాడు.

“నీకెందుకు బావా ఈ తిప్పలు? నలుగురం ఉన్నాం, కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతాం,” అన్నాడు దయానందం. మంచి మనసుతోనే అన్నాడు పాపం.

“నా షెడ్డులోకి నన్ను ఎత్తుకెళ్లేదేందిరా? నేనేమన్నా శవాన్నా?” అని కసిరాడు ఏసుపాదం. “ఇయ్యాల ఎత్తుతారు, ఎల్లుండి విసుక్కుంటారు. నా అంతట నేను ఎక్కితే పని చేస్తా. లేదంటే తాళాలు నీ దగ్గరే ఉంచుకో. మళ్లా ఈ దిక్కు రాను.”

నాకు తల కొట్టేసినట్టయింది. లారీని ఎక్కించినదాన్ని, ఒక్క మనిషిని ఎక్కించలేకపోయాను.

“తప్పు నాదన్నా,” అంది కాశింబీ. “బండ్లకి కొలిచా. నీకు కొలవలా.”

అని, పదడుగుల పలకలు రెండు పక్కపక్కన వేసింది. ఒక కొస కింద ఇటుకలు పేర్చి, “ఎక్కన్నా” అంది. ఆయన ఎక్కలేకపోయాడు. ఒక వరస ఇటుకలు తీసింది. సగం దాకా వెళ్లాడు. ఇంకా తగ్గించింది. చివరికి ఆగకుండా, ఆయాసపడకుండా పైదాకా వచ్చేశాడు. కాశింబీ టేపు పెట్టి చూసింది. పదడుగుల పలకకి పది అంగుళాల ఎత్తు.

“అంగుళం ఎత్తుకి అడుగు పొడుగు. పద్నాలుగు అడుగులు చెయ్యాల.”

దయానందం గుండెలు బాదుకున్నాడు. “పద్నాలుగా! ముంగిలంతా అదే తినేసుద్ది. బండ్లు యాడ పెట్టాలి, నా నెత్తినా?”

“ఖాళీగానే ఉందిగా, పెట్టుకో,” అంది కాశింబీ.

నన్ను బోల్టులు విప్పి పడేసి, గ్యాస్ కట్టర్‌తో కాళ్లు కోశారు. ఏడ్చాననుకున్నారా? నిప్పురవ్వలు చిమ్మాను, దయానందం చొక్కాకి రెండు చిల్లులు పడ్డాయి. కోసిన కాళ్లను కొత్త వాలుకి సరిపెట్టి, నా తోకకి తొమ్మిదడుగులు కలిపింది కాశింబీ. ఆ అతుకు ఇప్పటికీ వేలితో తడిమితే తెలుస్తుంది.

ఐదో రోజు పొద్దున్నే ఏసుపాదం వచ్చాడు. తొమ్మిదడుగులు బాగానే ఎక్కాడు. అతుకు దగ్గర చక్రం తడబడింది. దయానందం చెయ్యి కుర్చీ వెనక్కి వెళ్లింది.

“చెయ్యి తియ్యి!”

తీశాడు. నేను బిగబట్టుకుని ఉన్నాను. కదలకుండా ఉండటం తప్ప నాకు తెలిసిన సాయం ఇంకొకటి లేదు. ఆయన అరచేతులు చక్రాల మీద ఒకసారి జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. ఒక్కో జానా ఎక్కాడు. పైకి చేరాడు.

ఏడుస్తాడేమో, దండం పెడతాడేమో అని అందరూ చూస్తున్నారు. ఆయన లోపల ఎత్తి ఉంచిన ట్రాక్టరుకేసి చూసి ఒక్క అరుపు అరిచాడు. “జాకీ పక్కన దిమ్మలేవిరా? ఇంకెవుడి కాళ్లు పోవాలి?”

దయానందం పరుగెత్తి, జాకీ జారినా ట్రాక్టరు ఆగేట్టు కింద చెక్క దిమ్మలు పెట్టాడు. తరవాత మొలలోని తాళాలు తీసి బావ ఒళ్లో పెట్టి, పనిలోకి వెళ్లిపోయాడు.

ఇది జరిగి పదకొండేళ్లు. ఇప్పుడు దయానందానికి మోకాళ్ల నొప్పులు. షెడ్డు పక్కన మెట్లున్నా నా మీద నుంచే నడుస్తాడు. ముంగిలి పోయిందని మాత్రం గొణుగుడు మానలేదు.

నా కాళ్లకి తుప్పు మొదలైంది. ఏదో ఒకనాడు పాత ఇనుము కొట్టుకి వెళతాను, తెలుసు. అక్కడెవడో కట్టర్ పట్టుకుని, లారీకి ఐదడుగులు చాలు కదా, మిగతా ఇనుమంతా దండగ చేసిన తెలివితక్కువవాడెవడురా అంటాడు. వాడికి చెప్పండి. ఐదడుగులు లారీలకి. మిగిలిన తొమ్మిదీ ఒక్క మనిషికి. దమ్ముంటే ఆ అతుకు దగ్గర కోయమనండి.